మాను పక్కనే నిలబడి ఎడిటింగ్: స్నాప్‌సీడ్ రివ్యూ

నమస్కారమండీ. ఇక్కడ శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర ఒక కొబ్బరితోట గట్టు మీద ఉన్నాను. ఉదయం ఆరున్నర దాటింది. గాలి మైకులోకి వస్తోంది, కొంచెం సర్దుకోండి.

ఈ రోజు స్నాప్‌సీడ్ రివ్యూ. ఫోన్లో ఫోటోలు దిద్దుకునే యాప్ ఇది. నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ 2011లో తెచ్చింది, 2012లో ఆ కంపెనీని గూగుల్ కొనేసింది. డబ్బు కట్టక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు రావు. దాని చరిత్ర ఇంతవరకు చాలు, పనిలోకి వెళదాం.

ఇలాంటి వీడియోల్లో ఎక్కువగా మొహాలో, సూర్యాస్తమయాలో పెట్టి చూపిస్తారు. నేను చెట్ల మానులు, అంటే కాండాలు, మాత్రమే తీస్తాను. ఇందాక తోట కాపలా తాత కూడా అడిగారు, "ఏటి బావూ, కాయల్ని ఒగ్గీసి మాన్ని తీస్తన్నావు?" అని. కారణం ఇదీ. సూర్యాస్తమయాన్ని ఎంత ఎర్రగా దిద్దినా కాదనేవాళ్ళుండరు, ఆ సాయంత్రం వెళ్ళిపోయింది కదా. మాను ఎక్కడికీ పోదు. ఫోన్ తీసుకెళ్ళి దాని పక్కన పెడితే మనం చేసిన తప్పు అక్కడికక్కడే కనబడుతుంది. ఎడిటింగ్ నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి గురువు నాకు దొరకలేదు.

మొదటి ఆర్నెల్లూ నేను ఇంటికెళ్ళి, రాత్రి పడుకునే ముందు ఎడిట్ చేసేవాణ్ణి. ఒక జీడిమామిడి మాను ఫోటో చాలా బాగా వచ్చిందనుకుని మర్నాడు తోటకి తీసుకొచ్చి చెట్టు పక్కన పెట్టాను. చెట్టు బెరడు మెత్తటి బూడిద రంగులో ఉంది. నా ఫోటోలో బొగ్గుతో చెక్కినట్టుంది. ఆ రోజు నుంచి ఎడిటింగ్ మొత్తం చెట్టు నీడలోనే చేస్తున్నాను. ఎండలో స్క్రీన్ సరిగ్గా కనబడదు కాబట్టి నీడ ఎలాగూ కావాలి.

ముందు ఈ చింత చూడండి. చింత బెరడు దాదాపు నల్లగా, చిన్న చిన్న పెళ్ళలుగా పగిలి ఉంటుంది. విజయనగరం వాళ్ళకి మాను అన్న మాట విడమరిచి చెప్పక్కర్లేదు, పైడితల్లమ్మ జాతరలో తిప్పే సిరిమాను కూడా చింతమానే. దసరా తరవాత వచ్చే మంగళవారం దాని చివర ఆసనంలో పూజారిగారు కూర్చుని మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా తిరుగుతారు. ఆ మాను ఎంత గట్టిగా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. మామూలుగా తీస్తే ఫోన్ ఈ నలుపుని నలుపుగా ఉంచదు. ముందున్నదేదైనా మధ్యరకం వెలుగులోకి తేవాలని చూస్తుంది, అందుకే చింత బెరడు సిమెంటు గోడలా తెల్లబోతుంది. బెరడు మీద వేలు నొక్కి పట్టుకోండి, ఫోకసు, వెలుతురు లాక్ అవుతాయి. తరవాత సూర్యుడి గుర్తుని కిందికి లాగండి. ఇదిగో, నలుపు వచ్చేసింది. ఇది తీసేటప్పుడే చెయ్యాలి. తెల్లబోయిన ఫోటోని తరవాత నల్లగా చెయ్యొచ్చు గానీ, ఆ పెళ్ళల అంచుల మీద ఎండ తగిలిన మెరుపు తిరిగి రాదు.

ఇంకో మాట. వైడ్ లెన్సుతో దగ్గరికెళ్ళి తియ్యకండి, నిటారు మాను కూడా వంకరపోతుంది. రెండు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టుకోండి.

ఇప్పుడు యాప్. ట్యూన్ ఇమేజ్ తెరిచాను. వేలు పైకీ కిందికీ జరిపితే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, షాడోస్ అని పేర్లు మారతాయి, పక్కకి జరిపితే వాటి మోతాదు మారుతుంది. మొదటిసారి ఇది అర్థం కాక చాలామంది యాప్ తీసేస్తారు, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. హైలైట్స్, అంటే బాగా వెలుగున్న చోట్లు, కొంచెం తగ్గించాను. షాడోస్ ముట్టుకోలేదు. పగుళ్ళలో ఉన్న చీకటి చీకటిగానే ఉండాలి, అది తీసేస్తే బెరడుకి లోతు ఉండదు.

తరవాత డీటెయిల్స్‌లో స్ట్రక్చర్. బెరడు తీసేవాళ్ళని పాడుచేసేది ఇదే. కుడికి జరిపేకొద్దీ ప్రతి పగులూ లేచి నిలబడుతుంది, కళ్ళకి చాలా బాగుంటుంది, చెయ్యి ఆగదు. ప్లస్ 60 పెడతాను చూడండి. ఇప్పుడు ఫోన్ని మాను పక్కన పెడుతున్నాను. మాను అంచు చుట్టూ తెల్లటి గీత వచ్చింది, కనబడుతోందా? వెనకున్న ఆకాశానికి, బెరడుకి మధ్య. అది చెట్టుకి లేదు. 20కి తగ్గించాను, గీత పోయింది, బెరడు బెరడులా ఉంది. నా చేతికి 15కీ 25కీ మధ్య సరిపోతోంది. మీ ఫోన్ ముందే ఫోటోని పదును చేసి ఇస్తుంటే ఇంకా తక్కువే చాలు.

పనస చెట్టు కింద సమస్య వేరు. ఆకు గుబురుగా ఉంటుంది, దానిలోంచి దిగే వెలుతురే పచ్చగా ఉంటుంది. గోధుమ రంగు మాను మీద పాచి పట్టినట్టు వస్తుంది. వెలుతురు రంగుని సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌లో టింట్‌ని పచ్చకి ఎదురుగా, గులాబీ వైపు, కొద్దిగా జరపండి. మాను మీద నిజంగానే నాచు ఉంటే దాని పచ్చదనం పోకముందే ఆపాలి. అందుకే పక్కనే నిలబడమంటున్నాను. నాచు ఏది, నీడ ఏది అన్నది ఇంటికెళ్ళాక గుర్తుండదు.

ఇప్పుడు తొమ్మిదైంది. కొబ్బరి కోసం కావాలనే ఇంతసేపు ఆగాను. చింతకి, వేపకి పగుళ్ళు నిలువుగా ఉంటాయి, పొద్దున్నే పక్క నుంచి వచ్చే ఎండ వాటిని లేపుతుంది. కొబ్బరికి కంకణాల్లాంటి గీతలు అడ్డంగా ఉంటాయి, వాటికి పై నుంచి జారే ఎండ కావాలి.

ఈ చెట్టుని ఆ తాతే చూపించారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఈ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస ఎలా నేలకొరిగాయో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇది సగం ఒరిగి ఆగింది. తరవాత మొవ్వు, అంటే తల దగ్గరి చిగురు, మళ్ళీ ఆకాశం వైపు తిరిగింది. అందుకే కింద ఏటవాలుగా వెళ్ళి, ఇదిగో ఇక్కడ మోచెయ్యిలా వంగి, నిటారుగా లేచింది. మట్ట రాలిన ప్రతిచోటా ఒక కంకణం మిగులుతుంది. కాపుకొచ్చిన కొబ్బరికి ఏడాదికి సుమారు 12 మట్టలు వస్తాయి. వంపు నుంచి పైకి కంకణాలు, వాటితోపాటు ఇంకా రాలని మట్టలు లెక్కపెడుతూ వెళితే దాదాపుగా తిత్లీ తరవాత గడిచిన నెలలు లెక్కపెట్టినట్టే.

వంపుకి కాస్త కింద ఒక గాటు ఉంది. కత్తిదో, పక్క చెట్టు పడి తగిలిందో తాతకి కూడా తెలీదు. వేపకో మామిడికో అయితే చుట్టూ కొత్త బెరడు పెరిగి పూడుకుంటూ వస్తుంది. కొబ్బరికి అలా పూడదు, తగిలిన గాటు చెట్టు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. స్నాప్‌సీడ్‌లో హీలింగ్ అని ఉంది, వేలుతో రాస్తే మచ్చ పోతుంది. మాను మీద కట్టిన ప్లాస్టిక్ తాడు తీసెయ్యడానికి వాడండి, తప్పులేదు. ఈ గాటు మీద మాత్రం వాడను.

ఈ వంపుకి సెలెక్టివ్ అనే టూల్ బాగా పనిచేసింది. వంపు మీద వేలు పెడితే చుక్క పడుతుంది. రెండు వేళ్ళతో దగ్గరికి, దూరానికి జరిపితే ఎంత మేర మారుతుందో ఎర్రగా చూపిస్తుంది. అక్కడ మాత్రమే కొంచెం వెలుతురు పెంచాను. చూసేవాళ్ళ కన్ను నేరుగా వంపు దగ్గరికే వెళుతుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. హెచ్‌డీఆర్ స్కేప్ అనే ఫిల్టర్ బెరడుకి పనికిరాదు, తక్కువలో పెట్టినా మాను ప్లాస్టిక్‌లా తయారవుతుంది. హీలింగ్ పెద్ద మచ్చల మీద అలికినట్టు వస్తుంది. ఐఫోన్‌లో 2025లో రూపం మార్చారు, కాబట్టి మీ ఫోన్లో మెనూలు నేను చూపించిన చోట లేకపోవచ్చు, పేర్లు చూసి వెతుక్కోండి. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను ఇదే చెబుతాను, ఒక్క కారణానికి. వ్యూ ఎడిట్స్‌లోకి వెళితే మీరు చేసిన ప్రతి మార్పూ వరసగా ఉంటుంది, మధ్యలో దేన్నైనా తెరిచి తగ్గించుకోవచ్చు. స్ట్రక్చర్ ఎక్కువైందని చెట్టు చెప్పినప్పుడు మొత్తం మొదట్నుంచి చెయ్యక్కర్లేదు. అయిపోయాక ఎక్స్‌పోర్ట్ నొక్కండి, అసలు ఫోటో అలాగే ఉంటుంది, దిద్దింది వేరే కాపీగా వస్తుంది.

జీడి మాను మీద చెయ్యి ఆనించి తీసేటప్పుడు ఎర్రచీమలు చూసుకోండి, ఇందాక నన్ను రెండు చోట్ల కుట్టాయి.

తడిసిన బెరడు చూపించలేదు. వానకి చింత ఇంకా నల్లబడుతుంది, నాచు వెలుగుతుంది, వైట్ బ్యాలెన్స్ లెక్కంతా మారిపోతుంది. వాన పడిన మర్నాడు ఈ గట్టు మీదికే వస్తాను, ఇదే చింత, ఇదే చోటు. మీ దగ్గర ముందే పడితే మీ ఊరి చింతని తీసి, అక్కడే నిలబడి దిద్ది, స్ట్రక్చర్ ఎంత పెట్టారో నాకు రాయండి.