48 నుంచి 9కి పడ్డా ఆ ధీమా ఏంటి?

నమస్తే అండీ. 2024 జులైలో బ్రిటన్ పార్లమెంటు ఎన్నికలయ్యాయి కదా. స్కాట్లాండ్‌లో ఎస్ఎన్‌పీ, అంటే స్కాటిష్ నేషనల్ పార్టీ, 48 సీట్ల నుంచి 9కి పడిపోయింది. బ్రిటన్ నుంచి విడిపోయి సొంత దేశం కావాలన్నదే ఆ పార్టీ ప్రధాన లక్ష్యం. మరి ఇంత దెబ్బ తిన్నాక కార్యకర్త ఇంట్లో కూర్చోవాలి కదా? కూర్చోడు. మళ్లీ కరపత్రాలు పట్టుకుని వీధిలోకి వస్తాడు. "ఇదిగో, స్వాతంత్ర్యం వచ్చేస్తోంది" అంటాడు.

మొదట్లో నాకు నవ్వొచ్చింది, దాచడం ఎందుకు. కానీ పాత లెక్కలు తిరగేస్తే ఆ నవ్వు కాస్త తగ్గింది.

ఎస్ఎన్‌పీ పుట్టింది 1934లో. దశాబ్దాల పాటు దాన్ని పట్టించుకున్నవాళ్లే తక్కువ. 1967లో హామిల్టన్ ఉప ఎన్నిక వచ్చింది. లేబర్ పార్టీ కంచుకోట అది. విన్నీ ఎవింగ్ అనే లాయరు అక్కడ ఎస్ఎన్‌పీ తరఫున గెలిచేసింది. తర్వాత ఉత్తర సముద్రంలో చమురు పడింది, "ఈ చమురు స్కాట్లాండ్‌ది" అన్న నినాదం పుట్టింది, 1974లో 11 సీట్లొచ్చాయి. 1979కి మళ్లీ రెండు! అదే ఏడాది సొంత అసెంబ్లీ కోసం రెఫరెండం, అంటే జనాన్నే నేరుగా అడిగే ఓటింగ్, పెడితే వేసిన ఓట్లలో 51.6 శాతం "కావాలి" అన్నారు. అయినా ఇవ్వలేదు. మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతుండాలని ముందే మెలిక పెట్టారు మరి.

ఇరవై ఏళ్లు గడిచాయి. 1999లో ఎడిన్‌బరోలో పార్లమెంటు తెరుచుకుంది. 1707లో ఇంగ్లండ్‌తో కలిసిపోయినప్పుడు వాయిదా పడిన స్కాట్లాండ్ పార్లమెంటు మళ్లీ సమావేశమైందని ప్రకటించింది ఎవరనుకున్నారు? ఆ విన్నీ ఎవింగే. ఇది కళ్లారా చూసిన కార్యకర్తకు 9 సీట్లు ఒక లెక్కా?

2014 సెప్టెంబర్ 18న అసలు రెఫరెండం జరిగింది. దాదాపు 85 శాతం పోలింగ్. కామన్వెల్త్ పౌరులకూ ఓటుంది కాబట్టి, అక్కడ ఉంటూ పేరు నమోదు చేయించుకున్న మన తెలుగువాళ్లకూ అందులో ఓటుందన్నమాట. విడిపోదామన్నవాళ్లు 45 శాతం, వద్దన్నవాళ్లు 55. ఓడారు. కానీ ఓడిన కొన్ని నెలల్లోనే ఎస్ఎన్‌పీ సభ్యులు పాతిక వేల నుంచి లక్ష దాటారు! మరుసటి ఏడాది బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో స్కాట్లాండ్‌లోని 59 సీట్లలో 56 వాళ్లవే. ఆ రుచి మరిగినవాడు ఆశ ఎలా వదులుకుంటాడు?

ఇప్పటికీ సర్వేల్లో దాదాపు సగంసగంగానే ఉంది. పార్టీ పడిపోయినా స్వాతంత్ర్యం కావాలనే జనం పెద్దగా తగ్గలేదు. కార్యకర్త ధీమాలో నాకు నచ్చే భాగం ఇదే.

నచ్చనిది కూడా చెప్తాను. తాళం లండన్ చేతిలో ఉంది. లండన్ అనుమతి లేకుండా స్కాట్లాండ్ పార్లమెంటు రెఫరెండం పెట్టలేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చేసింది. మీలో కొందరు "2009లో టీఆర్ఎస్‌కు పది మంది ఎమ్మెల్యేలే, ఐదేళ్లకు తెలంగాణ రాలేదా" అంటారు. వచ్చింది. కానీ అది దేశంలోపల ఒక రాష్ట్రం, దేశం విడిపోవడం కాదు. పైగా తెలంగాణ ఇస్తే ఓట్లొస్తాయని ఢిల్లీలో లెక్కలేసుకున్న పార్టీలున్నాయి. స్కాట్లాండ్‌ను వదిలేస్తే ఓట్లొస్తాయనుకునే పెద్ద పార్టీ లండన్‌లో ఒక్కటీ లేదు.

"కుర్రకారంతా మావైపే, ముసలివాళ్లే వద్దంటున్నారు, కాలం మాతోనే ఉంది" అన్నది ఇంకో వాదన. ఆ కుర్రాడు రేపు ఇంటి లోను తీసుకుంటాడండీ. వాయిదా ఏ కరెన్సీలో కట్టాలో అడుగుతాడు. 2014లో జనం బెదిరింది అక్కడే కదా. అందుకే నాకు ఎస్ఎన్‌పీ కార్యకర్త ఎవరైనా ఎదురుపడితే సర్వే అంకె అడగను. పౌండు సంగతేంటి బాబూ అని అడుగుతాను.