రంగాలంకరణ: నేర్చుకునే దారి, బతికే దారి

సభాధ్యక్షులకు, రంగస్థల కళల విభాగం ఆచార్యులకు, విద్యార్థులకు నమస్కారం.

బొమ్మ బాగా గీయడం వస్తే చాలు, రంగాలంకరణ, అంటే నాటకానికి సెట్టు రూపొందించే విద్య, దానంతట అదే వస్తుందన్న నమ్మకం మన నాటక సమాజాలలో చాలా కాలంగా పాతుకుపోయి ఉంది. బొమ్మ రావడం మంచిదే. అయితే అంతకంటే ముందు రావలసినవి కొలత, వడ్రంగం, నాటకాన్ని చదవగల శక్తి. ఇవి లేనివాడు కాగితం మీద వేసిన అందమైన చిత్రం, వేదిక మీదికి వచ్చేసరికి, కిరీటం పెట్టుకున్న నటుడు దూరలేని ద్వారంగానో, పక్క కుర్చీలలోని వారికి కనిపించని సింహాసనంగానో మారుతుంది.

కొలత మనకు కొత్త విద్యేమీ కాదు. నాట్యశాస్త్రం రెండవ అధ్యాయంలో భరతుడు మధ్యమ పరిమాణపు నాట్యమండపానికి 64 హస్తాల (మూరల) పొడవు, 32 హస్తాల వెడల్పు నిర్ణయించి, అంతకు మించితే మాట స్పష్టంగా వినిపించదనీ, నటుని ముఖంలోని భావం కనిపించదనీ కారణంతో సహా చెప్పాడు. మీరు గ్రౌండ్ ప్లాన్, అంటే వేదికను పైనుంచి చూసినట్లు కొలతలతో వేసే పటం, గీసేటప్పుడు వేసుకోవలసిన లెక్క కూడా అదే.

ఈ విద్యకు ఒకప్పుడు కుటుంబమే బడి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజాలలో, వేషం కట్టే కుర్రవాడే తెర లాగుతాడు, దీపాలు చూస్తాడు, మాయాబజారులో లడ్డూలు ఘటోత్కచుని నోట్లోకి ఎగిరివెళ్లడానికి దారాలు ఎక్కడ కట్టాలో పెద్దల పక్కన నిలబడి తెలుసుకుంటాడు. అక్కడ పాఠ్యప్రణాళిక లేదు కాని, చేసిన తప్పు ఆ రాత్రే ప్రేక్షకుల ముందు బయటపడేది. అంతకంటే కఠినమైన పరీక్ష ఏ విశ్వవిద్యాలయమూ పెట్టలేదు.

ఇప్పుడు దారులు పెరిగాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, తెలుగు విశ్వవిద్యాలయంలోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళలు చదువుకోవచ్చు. ఢిల్లీలో 1959లో ఏర్పడిన జాతీయ నాటక పాఠశాలది మూడేళ్ల శిక్షణ. అక్కడ రూపకల్పనను దర్శకత్వంతో జోడించి నేర్పిన సంప్రదాయం నాకు ఎంతో నచ్చుతుంది. ఆ పాఠశాలకు సారథ్యం వహించిన ఇబ్రహీం అల్కాజీ 1963లో, మహాభారత యుద్ధం ముగిసే వేళ కథ అయిన అంధాయుగ్ నాటకాన్ని ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా కోట శిథిలాల మధ్య ప్రదర్శించారు. చోటును ఎంచుకోవడం కూడా రూపకల్పనే అని తెలియడానికి ఆ ఒక్క ప్రదర్శన చాలు. ఇక 1954లో శంభు మిత్ర దర్శకత్వంలో బహురూపి సంస్థ ప్రదర్శించిన టాగూరు బెంగాలీ నాటకం రక్తకరబికి రంగాలంకరణ చేసిన ఖాలేద్ చౌధురి, నాటక పాఠశాలలోంచి కాక ప్రజానాట్య ఉద్యమంలోంచి వచ్చిన మనిషి, జానపద సంగీతాన్ని సేకరించినవాడు. 2012లో ఆయనకు పద్మభూషణ్ లభించింది. కనుక పట్టా లేదని ఎవరూ వెనకాడనక్కరలేదు. పట్టా వచ్చింది కదా అని కార్ఖానా మొహం చూడకుండా ఉండటమూ తగదు.

కార్ఖానా అంటే ఏమిటో ఒక చిన్న పనితో చెబుతాను. ఎనిమిదడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు గల ఫ్లాట్, అంటే చట్రానికి గుడ్డ బిగించి చేసే సెట్టు గోడ, చేయాలనుకుందాం. రీపర్లతో (సన్నని చెక్క బద్దలతో) చట్రం బిగించాక రెండు కర్ణాలూ టేపుతో కొలవాలి. అవి సమానంగా లేకపోతే చట్రం వంకర పోయినట్లే, పక్క ఫ్లాటుతో అంచు కలవదు. గుడ్డను బిగించేటప్పుడు మూల నుంచి మొదలుపెడితే ముడత పడుతుంది కాబట్టి, ఎదురెదురు అంచుల మధ్యభాగాలలో మొదటి మేకులు కొట్టి, అక్కడి నుంచి మూలలకు సాగాలి. జిగురు పూత ఆరుతూ గుడ్డను మరింత బిగిస్తుంది, అందుచేత ముందే ప్రాణం పోయేటట్లు లాగకూడదు. ఇది చేత్తో చేసినవాడికి, అడుగుకు అరంగుళం చొప్పున నమూనా తయారు చేస్తున్నప్పుడే, ఏ గోడ నిలుస్తుందో, ఏది తలుపు వేయగానే ఊగుతుందో తెలిసిపోతుంది.

ఉపాధి విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టలేను. తెలుగునాట కేవలం నాటకాలకు సెట్లు వేసి సంసారం నడపడం చాలా కష్టం. మొదటి కొన్నేళ్లు సీనియరు దగ్గర సహాయకులుగా పనిచేయడం, ఆ తరువాత పరిషత్తు నాటికలకు, అంటే నాటక పరిషత్తుల పోటీలలో ఆడే నాటికలకు, స్వతంత్రంగా సెట్టు వేయడం మామూలు క్రమం. ఒకే రాత్రి ఒకటికి మించి నాటికలు జరిగే పోటీలలో, ముందు సమాజం సామాను తీసేలోగా మీది నిలబడాలి కనుక, మడిచి వ్యానులో పట్టేటట్లు ఆలోచించే అలవాటు అక్కడే అబ్బుతుంది. ఆపైన సినిమా, టెలివిజన్, వస్తు ప్రదర్శనశాలలు, పెళ్లి మండపాలు పిలుస్తాయి. వాటికి వెళ్లడం నామోషీ అని నేననుకోను. అయితే కెమెరాకు తన చట్రంలో పడినంత మేర సెట్టు ఉంటే సరిపోతుందనీ, వేదిక మీద మాత్రం ప్రతి కుర్చీ నుంచీ ఒక్కో కోణంలో ఒక కన్ను చూస్తూనే ఉంటుందనీ, తిరిగి నాటకానికి వచ్చేటప్పుడు గుర్తుంచుకోవాలి.

పని అడగడానికి వెళ్లినప్పుడు ప్రదర్శన ఫోటోలు మాత్రమే చూపకండి; గ్రౌండ్ ప్లాను, నమూనా, ఖర్చుల పట్టిక కూడా చూపండి. ఒప్పందంలో సామగ్రి ఖర్చునూ మీ పారితోషికాన్నీ వేర్వేరుగా రాయించుకోండి. రెండూ కలిపి ఒకే మొత్తానికి ఒప్పుకుంటే, ప్లైవుడ్ ధర పెరిగిన రోజున కోత పడేది మీ పారితోషికానికే. వ్యాను బాడుగ ఎవరిది, ప్రదర్శన అయ్యాక సెట్టు విప్పే మనుషుల కూలి ఎవరిది, విప్పిన సామాను ఎవరికి చెందుతుంది అన్నవి కూడా ఆ కాగితంలోనే ఉండాలి.