బ్రేసు గంటల్లో ఉంది మందు

అందరికీ నమస్కారం. పిల్లల వెన్నెముక వంపు పెరగకుండా ఒంటికి తొడిగే బ్రేసులు తయారుచేసే పని నాది. చెన్నైలో మనవాళ్లు వెన్నెముక మాట ఎత్తగానే అడిగేది పుత్తూరు కట్టు గురించే. అది ముందే తేల్చేస్తాను. కట్టు విరిగిన ఎముకకు, స్కోలియోసిస్ అనే ఈ వెన్ను వంపులో ఎముక విరగదు. ఎదిగే వయసులో వెన్నెముక పక్కకు ఒంగుతూ, మెలి కూడా తిరుగుతుంది. కట్లకూ నూనె మర్దనలకూ అది ఆగదు. పదేళ్లు దాటిన పిల్లల్లో వచ్చే రకానికి చాలావరకు కారణం తెలియదు. బరువు బ్యాగు వల్ల వచ్చింది కాదు, వంకరగా కూర్చుంటే వచ్చిందీ కాదు. "నిటారుగా కూర్చోమంటే విన్నావా?" అని పిల్లను దెప్పడం ఇక మానేయండి.

పిల్ల రెండు చేతులూ జోడించి ముందుకు వంగినప్పుడు వెనకనుంచి చూడండి. వీపు ఒక పక్క ఎత్తుగా లేస్తే డాక్టరుకు చూపించాలి. ఎక్స్‌రేలో వంపు ఎంతో కొలిచే కాబ్ కోణం 10 డిగ్రీలకు తక్కువైతే దాన్ని స్కోలియోసిస్ అనరు. 25 లోపు ఉంటే సాధారణంగా కొన్ని నెలలకోసారి చూస్తూ ఉంటారు. 25 నుంచి 40 మధ్య ఉండి, ఎదుగుదల ఇంకా మిగిలుంటే బ్రేసు. 50 దగ్గరికి వస్తే ఆపరేషన్ మాట వస్తుంది.

ఎదుగుదల మిగిలుందా అన్నదే అసలు ప్రశ్న. కటి ఎముక పైఅంచు ఎంత గట్టిపడిందో ఎక్స్‌రేలో చూసి 0 నుంచి 5 దాకా రిస్సర్ అంకె వేస్తారు. 0, 1, 2 అయితే బ్రేసుకు అదను ఉన్నట్టు. డాక్టరు "పెద్దమనిషి ఎప్పుడయింది?" అని కూడా అడుగుతారు. తల్లులు గొంతు తగ్గించేసి ఫంక్షన్ చేసిన తేదీ చెబుతారు. ముహూర్తం కుదరక నెలల తర్వాత చేసిన ఫంక్షన్ తేదీ మాకెందుకమ్మా, అసలు తేదీ చెప్పండి. పిల్లలు అన్నిటికన్నా వేగంగా పొడుగయ్యేది దానికి కాస్త ముందు. ఆ తర్వాత సుమారు రెండేళ్లకు ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, బ్రేసు పని వంచడం కాదు, ఇంకా ఒంగకుండా ఆపడం. ప్లాస్టిక్ తొడుగు లోపల ఒక పక్క మెత్త నొక్కుతుంది, ఎదుటి పక్క ఖాళీ ఉంటుంది, శరీరం అటు జరగడానికి. ఒక బామ్మగారు ఆ ఖాళీ చూసి బ్రేసు వదులైందనుకుని పాత చీర ముక్కలు కుక్కి పంపారు! ప్రేమ కొద్దీ చేసిందే, కానీ బ్రేసు పని మొత్తం ఆగిపోయింది.

2013లో అమెరికా, కెనడాల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. బ్రేసు వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలు చేరలేదు. వేసుకోనివాళ్లలో 48 శాతం. అంటే దాదాపు సగంమంది బ్రేసు లేకుండానే బయటపడ్డారు. అందుకే ఇది అద్భుతమని నేను అనను. అయితే బ్రేసులో ఉష్ణోగ్రత పసిగట్టే చిప్ పెట్టి, నిజంగా ఎన్ని గంటలు వేసుకున్నారో కొలిచారు. రోజుకు సుమారు 13 గంటలు దాటినవాళ్లలో 90 శాతం పైగా గట్టెక్కారు. ఆరు గంటల లోపు వేసుకున్నవాళ్లకు దక్కింది దాదాపు ఏమీ లేదు.

ఆ పరిశోధనలో వేసుకోమన్నది 18 గంటలు. మీ డాక్టరు కూడా అంతే చెబితే అన్ని గంటలూ వేయడానికి ప్రయత్నించాలి. కానీ స్కూల్లో ససేమిరా వేసుకోనంటే పోట్లాడి బ్రేసునే అటకెక్కించకండి. సాయంత్రం ఐదుకు వేసి ఉదయం ఏడుకు తీస్తే 14 గంటలు. డాక్టరుతో ఆ మాటే చెప్పండి. "రోజంతా వేస్తోంది సార్" అని అబద్ధం చెబితే వంపు పెరిగినప్పుడు తప్పు బ్రేసుదో గంటలదో ఎవరికీ తెలియదు.

ఇక కత్తిరి ఎండలు. బ్రేసు కింద కుట్లు లేని నూలు బనియన్ వేయాలి, తడిసినప్పుడల్లా మార్చాలి. తీశాక కనిపించే ఎరుపు అరగంటలో తగ్గితే ఫరవాలేదు. తగ్గకపోతే మా దగ్గరికి తెండి, ఇంట్లో ఆకురాయితో రుద్దకండి. భరతనాట్యం, ఈత, ఆటలు ఏవీ మానక్కర్లేదు, ఆ గంట బ్రేసు తీసేయవచ్చు.

ఎక్స్‌రేలు తెచ్చినవాళ్లు పాతవి కూడా బయటికి తీయండి, ఒక్క ఫిల్ము చూసి వంపు పెరిగే వేగం చెప్పలేం. ప్రశ్నలు మాత్రం ముందు పిల్లల నుంచి తీసుకుంటాను. అమ్మలూ నాన్నలూ, మీరు కాసేపు ఆగండి.