మాంటిస్సోరిలో మా పాప మూడేళ్లు: విజయవాడ నుంచి ఒక అమ్మ రివ్యూ

అందరికీ నమస్కారం. మా పాప మూడో ఏడు నిండగానే మాంటిస్సోరిలో, అంటే పిల్లలు చేత్తో పనులు చేస్తూ తమంతట తాము నేర్చుకునే పద్ధతిలో నడిచే బడిలో చేరింది. ఈ జూన్‌లో ఒకటో తరగతికి వేరే స్కూలుకి వెళ్లింది. అక్కడి చదువు మొత్తం చూశాం కాబట్టి ఇప్పుడు నిండుగా చెప్పగలను. స్కూలు పేరు మాత్రం చెప్పను, ఇది యాడ్ కాదు. మొగల్రాజపురం వైపు ఒక పాత మేడలో నడిచే చిన్న స్కూలు, అంతే.

మా ఆయన, నేను ఆ స్కూలుకి రుణపడి ఉన్నది అన్నిటికంటే ఒక్క విషయానికి. వాళ్లు మా పాపని ఎప్పుడూ తొందరపెట్టలేదు. పాప చేతిలో పని లాక్కుని వాళ్లు చేసేయలేదు.

అదెలా ఉంటుందో చెప్తాను. తల్లిదండ్రులు ఒక పూట వచ్చి, మూల కుర్చీలో కూర్చుని, మాట్లాడకుండా చూడొచ్చు అన్నారు. వెళ్లాను. పాప గుండీల ఫ్రేము తెచ్చుకుంది. చెక్క చట్రానికి రెండు వైపులా గుడ్డ బిగించి ఉంటుంది, మధ్యలో పెద్ద పెద్ద గుండీలు. మొదటి రెండూ పెట్టింది. మూడోది కాజాలోకి వెళ్లట్లేదు. లాగుతోంది, తిప్పుతోంది, ముఖం ఎర్రబడింది. ఆంటీ, అంటే పాప టీచరు, పక్కనే చాప మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లేచి వెళ్లి పెట్టేద్దామని నా ప్రాణం కొట్టుకుంటోంది. ఆవిడ మాత్రం కదల్లేదు. ఎంతసేపటికో గుండీ దూరింది. ఐదూ అయ్యాక పాప ఏం చేసిందనుకున్నారు? అన్నీ విప్పేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, స్టార్ ఇవ్వలేదు. అయినా రెండోసారి చేసింది, మూడోసారి కూడా. తన కోసమే చేసుకుంది. ఆ ఓపిక ఆంటీకి ట్రైనింగ్‌లో నేర్పుతారట. నాకైతే అది పెద్ద విద్య.

అక్కడి ఆయమ్మకి కూడా అదే పద్ధతి. నీళ్లు ఒలికితే ఆవిడ తుడవదు, స్పాంజి ఎక్కడుందో చూపిస్తుంది. పిల్లలు తాగేది గాజు గ్లాసుల్లో. పగులుతుందని తెలిస్తే చేతులు వాటంతటవే జాగ్రత్త పడతాయి.

ఇక సామాను సంగతి. సిలిండర్ బ్లాకులని ఉంటాయి. ఒక చెక్క దిమ్మకి పది గుంటలు, పది సిలిండర్లు, దేని గుంట దానిదే. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరికి ఒకటి మిగిలిపోతుంది. 'తప్పమ్మా' అని ఎవరూ అనక్కర్లేదు, చెక్కే చెప్పేస్తుంది. పైన ఉన్న చిన్న పిడిని మూడు వేళ్లతో పట్టుకోవాలి. రేపు పెన్సిల్ పట్టుకునేది ఆ వేళ్లతోనే.

అక్షరాలు గరుకు కాగితంతో చేసి పలక మీద అంటించి ఉంటాయి. రెండు వేళ్లతో తడుముతూ ఆ శబ్దం పలకాలి. ఇది తెలుగుకి ఎంత బాగా సరిపోయిందో! మనం రాసిందే పలుకుతాం కదా. పండిట్ నెహ్రూ బస్టాండులో అమ్మమ్మ వాళ్ల ఊరి బస్సు కోసం నిలబడి ఉంటే, పాప బోర్డు చూసి 'గు... డి... వా... డ' అని కూడబలుక్కుంటూ చదివేసింది. మేము ఇంట్లో పలక పట్టుకుని ఒక్కరోజు కూడా కూర్చోబెట్టలేదు.

మా మామయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. మొదట్లో ఆయనకి చాలా టెన్షన్. పక్కింటి బాబు యూకేజీలో ఎక్కాలు అప్పజెప్తుంటే, 'మన పిల్ల ఏంటమ్మా, పప్పులు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోసుకుంటోంది' అనేవారు. ఒకసారి ఆయన్నే స్కూలుకి పంపాను. అక్కడ బంగారు రంగు పూసలు చూశారు. ఒకటికి ఒక్క పూస. పదికి పది పూసల పుల్ల. వందకి వంద పూసల పలక. వెయ్యికి వెయ్యి పూసల ఘనం, చిన్న పిల్లలు రెండు చేతులతో మోయాలి. వెయ్యికి, ఒకటికి తేడా చేతి బరువుతో తెలుస్తుంది. ఇంటికొచ్చి, 'స్థాన విలువ చెప్పడానికి నేను ఆరో తరగతిలో గొంతు చించుకునేవాణ్ణి, అక్కడ ఐదేళ్ల పిల్ల ట్రేలో పెట్టుకుని మోస్తోంది' అన్నారు. ఆ తర్వాత ఎక్కాల మాట ఎత్తలేదు.

ఈ పద్ధతి కొత్తగా వచ్చిన ఫ్యాషన్ అనుకునేవాళ్లున్నారు, అందుకని ఒక్క మాట. మరియా మాంటిస్సోరి డాక్టరు. 1907 జనవరి 6న రోమ్‌లో కూలీల పేటలో, పేద పిల్లల కోసం తన మొదటి బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి, ఎంతోమంది టీచర్లకి శిక్షణ ఇచ్చారు. మన విజయవాడలో వి. కోటేశ్వరమ్మగారు 1955లోనే మాంటిస్సోరి పేరుతో పిల్లల బడి పెట్టారు. ఆవిడకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ ఊరికి ఇది పాత చుట్టరికమే.

బాగోలేనివి కూడా చెప్పాలి. ఫీజు మా వీధిలోని మామూలు ప్రీస్కూలు కంటే ఎక్కువ. ఆ సామాను ఖరీదైనది, నిజమే, కానీ అందరూ కట్టలేరు. మొదలైంది పేద పిల్లల కోసం కదా, అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది. పరుగెత్తి ఆడుకోవడానికి గ్రౌండ్ లేదు, డాబా మీదే ఆటలు. ఒకటో తరగతికి మారినప్పుడు పాప కొన్ని వారాలు ఇబ్బంది పడింది. తనంతట తాను లేచి పుస్తకం తెచ్చుకోబోతే 'కూర్చో' అన్నారు. అడిగి లేవాలని మేం ఇంట్లో చెప్పుకున్నాం, మెల్లగా సర్దుకుంది. కానీ తన సంచి తనే సర్దుకోవడం, తిన్న ప్లేటు తనే తీయడం, తమ్ముడు చెప్పులు వేసుకుంటుంటే పక్కన నిలబడి ఆగడం, ఇవేవీ పోలేదు. ఆ ఆగడం చూసినప్పుడల్లా ఆంటీ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నదే గుర్తొస్తుంది నాకు.

విజయవాడలో, గుంటూరులో మాంటిస్సోరి బోర్డులు చాలా కనిపిస్తాయి. ఆ పేరు ఎవరి సొంతమూ కాదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకే చేర్చే ముందు ఒక మామూలు రోజు పొద్దున్నే వెళ్లి, కాసేపు కూర్చుని చూస్తామని అడగండి. మూడేళ్ల పిల్లలు, ఐదేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉన్నారా? పిల్లలు తమకి కావలసిన పని తామే అరలోంచి తెచ్చుకుంటున్నారా, లేక అందరూ ఒకేసారి ఒకే పేజీ రాస్తున్నారా? సామాను వాడి అరిగి ఉందా, అద్దాల బీరువాలో మెరుస్తోందా? టీచరు ఎక్కడ ట్రైనింగ్ అయ్యారో మొహమాటపడకుండా అడగండి. చూడటానికి ఒప్పుకోకపోతే ఇంకో స్కూలు చూసుకోండి.

పాపకి చెప్పిన ఆంటీలిద్దరూ, ఆయమ్మా ఈ వీడియో చూస్తారని నాకు తెలుసు. అమ్మా, మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. దసరా సెలవుల్లో పాపని తీసుకుని వస్తాం.