మెరక, పల్లం, మాస్టర్ ప్లాన్

(భీమవరంలో ఇంజినీరింగ్ విద్యార్థులు, పురపాలక సిబ్బంది హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నగరాల రూపురేఖలు మార్చేస్తున్న పెద్ద మార్పులకు ప్లానర్లు ఎలా సిద్ధపడాలో చెప్పమన్నారు నిర్వాహకులు. ఇలాంటి సభల్లో మామూలుగా మెట్రో రైళ్ల గురించి, విద్యుత్ బస్సుల గురించి, కూడలికో కెమెరా గురించి మాట్లాడతారు. వాటి సంగతి హైదరాబాదు, విశాఖపట్నం వాళ్లు చూసుకుంటారు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రామచంద్రపురం లాంటి ఊళ్లకు నేను చెప్పేది ఒకటే: రోడ్డు గీసే ముందు నీటి దారి గీయండి.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మన మాస్టర్ ప్లాన్లు మాత్రం ఎరగవు. పటంలో ఏ రోడ్డు ఎన్ని అడుగులో ఉంటుంది, ఏ రంగు నివాసానికో ఏ రంగు వ్యాపారానికో ఉంటుంది. నేల ఎక్కడ ఎంత ఎత్తున ఉందో మాత్రం సామాన్యుడికి కనిపించేలా ఉండదు. బల్లపరుపుగా కనబడే గోదావరి డెల్టాలో రెండడుగుల తేడాతోనే ఒక పేట మునుగుతుంది, పక్క పేట మునగదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, పూలదండలు వేస్తున్నాం. ఆ నిర్మాణంలోని అసలు కిటుకు మాత్రం మరిచిపోయాం. సాగునీటి కాలువలు మెరక మీదుగా నడుస్తాయి, మురుగు కోడులు, అంటే డ్రెయిన్లు, పల్లం వెంట సాగుతాయి. కాలువ నుంచి బోదెకు (చేలకు నీరిచ్చే పిల్లకాలువకు), బోదె నుంచి చేలోకి, చేలోంచి డ్రెయిన్‌కు, అక్కడి నుంచి ఏటికో సముద్రానికో. డెల్టాలో ప్రతి చేనుకూ రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి ఉంటాయి. పట్టణం పెరిగేటప్పుడు వచ్చే దారిని కాపాడుకుంటాం, ఎందుకంటే వేసవిలో కాలువలు కట్టేసే లోపు మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. పోయే దారిని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఒక లేఅవుట్ ఎలా పుడుతుందో చూడండి. పదెకరాల వరి చేను కొంటారు. ఇసుక మట్టో గ్రావెలో తోలి, ఎదుటి రోడ్డు కంటే అడుగు ఎత్తు మెరక చేస్తారు. ఇక్కడ వరి లేదు కదా అని బోదె పూడ్చేస్తారు. చేలో పది సెంటీమీటర్ల నీరు నిలిచిందనుకుంటే ఎకరానికి సుమారు 4 లక్షల లీటర్లు. పదెకరాలు మెరక అయితే 40 లక్షల లీటర్లు వేరే చోటు వెతుక్కోవాలి. అది పక్క రైతు చేలోకి పోతుంది. ఆయన విసిగిపోయి ఆ చేనూ అమ్మేస్తాడు, అదీ మెరక అవుతుంది. తర్వాత పురపాలక సంఘం రోడ్డు ఎత్తు పెంచుతుంది. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లిన పాత ఇళ్లలోకి ఇప్పుడు మెట్లు దిగి వెళ్లాలి. ఎవరికి వారు మెరక చేసుకోవడాన్ని మనం అభివృద్ధి అంటున్నాం. నా దృష్టిలో అది నీటిని పొరుగువాడి నెత్తిన పోయడమే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు చేల ముంపు గురించి కూడా మొత్తుకున్నారు. పట్టణ ప్రణాళికకు ఆ ఉద్యమంతో సంబంధం ఉందని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఈ ఊరి సంగతే తీసుకోండి. మెట్టలో జంగారెడ్డిగూడెం వైపు భారీ వాన పడితే ఎర్రకాలువ పొంగుతుంది, నిడదవోలు పరిసరాల్లో చేలను ముంచుతుంది, నందమూరు అక్విడక్టు (సాగునీటి కాలువను వాగు దాటించే వంతెన) దగ్గర యనమదుర్రు డ్రెయిన్‌లో పడి భీమవరం దాకా వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక ఈ ఒక్క నీటి దారి ఏలూరు, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అనే మూడు జిల్లాల్లో ఉంది. జిల్లాకో ప్రణాళికా సంఘం ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ఎర్రకాలువకు ఆ సరిహద్దులు తెలియవు కాబట్టి మూడు జిల్లాల ప్లానర్లూ వర్షాకాలానికి ముందు ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిందే.

వాన తీరు మారింది. రోజంతా కురవాల్సింది రెండు గంటల్లో కురిసిపోతోంది. నది నుంచి ఏటిగట్లు మనల్ని కాపాడతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు పైగా ప్రవహించాయి. కానీ ఏరు నిండుగా ఉన్నప్పుడు అందులో కలిసే డ్రెయిన్ల తూములు మూసేయాలి. అదే సమయంలో గట్టు లోపల వాన పడితే ఆ నీరు బయటికి పోలేదు. సముద్రంలో కలిసే డ్రెయిన్లకు పోటు సమయంలో ఇదే అవస్థ. పైన కట్టిన జలాశయాలు ఒండ్రును ఆపేస్తున్నాయి, డెల్టా నేల మునుపటిలా పెరగడం లేదు. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోసుకుపోవడం కళ్లారా చూస్తున్నాం. కాకినాడ ప్లానర్లు సముద్రపు ఉప్పెనకు అడ్డు నిలిచే కోరంగి మడ అడవిని అటవీ శాఖ వ్యవహారమని వదిలేయకుండా నగర నిర్మాణాల జాబితాలో చేర్చుకోవాలి. 1839 తుఫాను కోరంగి రేవును ఎలా నాశనం చేసిందో చరిత్రలో ఉంది.

ఇక చేయవలసిన పని. లేఅవుట్ దరఖాస్తుతో పాటు మట్టాల పటం, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటం, తప్పనిసరి చేయాలి. ఎంత మట్టి తోలారో అంత పరిమాణంలో నీరు నిలిచే చోటు అదే స్థలంలో చూపాలి. లేఅవుట్లలో ఎలాగూ పది శాతం ఖాళీ స్థలం వదలాలి. ఇప్పుడు దాన్ని అమ్ముడుపోని మూలలో వదులుతున్నారు. అన్నిటికంటే పల్లంలో ఉన్న చోట వదిలి, చెరువుగా తవ్వించండి. 216 జాతీయ రహదారి కట్ట కింద ఎన్ని కల్వర్టులు గుర్రపుడెక్కతో పూడుకుపోయాయో లెక్క తీయండి. మట్టి వేస్తే నీటికి చోటు చూపాలన్న నియమం ఆక్వా చెరువుల గట్లకూ వర్తించాలి. ఈ మాట ఇక్కడ కొందరికి నచ్చదని తెలుసు.

పేచీ ఏమిటంటే, కొత్త ఇళ్లు ఎక్కువగా పురపాలక సంఘం హద్దు బయట, పంచాయతీల్లో లేస్తున్నాయి. పాలకొల్లు నుంచి నరసాపురం దాకా వెళ్తే ఊరెక్కడ ముగిసిందో చెప్పడం కష్టం. జనాభాకు మన దగ్గర ఉన్నవి 2011 లెక్కలు. తర్వాతి జనగణన 2027లో.

చివరగా మనుషుల సంగతి. రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7కు తగ్గింది. పిల్లలు హైదరాబాదులో, గల్ఫ్‌లో, అమెరికాలో ఉంటారు. ఇక్కడ పెద్దవాళ్లు మిగులుతారు. మెరక చేయడం మానేసి స్తంభాల మీద ఇల్లు కట్టండి అని నేనూ సలహా ఇస్తాను. కానీ డెబ్బై అయిదేళ్ల మోకాళ్లు ఆ మెట్లు ఎలా ఎక్కుతాయి? లంకల్లో పాతకాలపు వాళ్లు పేటంతా ఒకే దిబ్బ మీద కట్టుకునేవారు. అలాగే వీధికంతా కలిపి ఒకే మెరక, దాని మీదే వార్డు సచివాలయం, ఆరోగ్య కేంద్రం, బస్సు ఆగే చోటు, పక్కన ఆ మట్టి తవ్విన చెరువు. ఇలా ఒక్క పేటనైనా కట్టి చూపాలి. డబ్బెక్కడిదని అడుగుతారు. బెటర్‌మెంట్ ఛార్జీలు (సౌకర్యాల అభివృద్ధికి స్థల యజమానుల నుంచి తీసుకునే రుసుం) ఇప్పుడూ వసూలు చేస్తున్నారు, అందులో డ్రెయిన్ల కోసం విడిగా ఒక ఖాతా తెరవమని కౌన్సిల్‌లో తీర్మానం పెట్టించండి. మిగతా ప్రశ్నలు ఇప్పుడు అడగవచ్చు.