హమ్ వస్తే ముందు కేబుళ్లు పీకి చూడండి

అందరికీ నమస్కారం.

ఇంట్లో హై-ఫై సిస్టమ్ పెట్టుకున్నాక కరెంటు గోల ఎలా తగ్గించుకోవాలన్నది ఇవాళ్టి విషయం. ఈ మాట ఎత్తగానే "ఏ పవర్ కండిషనర్ (గోడ సాకెట్ దగ్గర కరెంటుని శుభ్రం చేసే పెట్టె) కొనమంటారు?" అని అడుగుతారు. ప్రస్తుతానికి ఏదీ కొనొద్దు. స్పీకర్లో జుమ్మని వినిపించే చప్పుడు, అంటే హమ్, చాలా ఇళ్లలో గోడ సాకెట్ లోంచి వచ్చేది కాదు. ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ మధ్య మనమే తగిలించిన ఆడియో కేబుల్లోంచి వచ్చేది.

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. యాంప్లిఫయర్ లోపల ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటాక ఆ 50 కాస్తా 100 హెర్ట్జ్ అలగా మారుతుంది. కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఇది మరీ చికాకు. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడికి తంబురాలో మోగే మంద్ర పంచమం దాదాపు 98 హెర్ట్జ్. రెక్టిఫయర్ నుంచి వచ్చే హమ్ 100. అంటే ఆలాపనలో ఆయన ఊపిరి తీసుకున్న ప్రతిసారీ, కాస్త శ్రుతి ఎక్కువైన రెండో పంచమం ఒకటి వినిపిస్తుంది. సినిమా పాటలో డ్రమ్ముల కింద అదే హమ్ ఉన్నా ఎవరికీ పట్టదు.

కారణం పట్టుకోవడానికి చెవులు చాలు. పాట ఆపి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. చప్పుడు అలాగే ఉంటే గొడవ వాల్యూమ్ నాబ్ తర్వాతి భాగంలో, అంటే పవర్ యాంప్ వైపు ఉంది. వాల్యూమ్‌తో పాటు పెరిగి తగ్గుతుంటే అంతకు ముందే ఎక్కడో కలిసింది. స్పీకర్లో కాకుండా యాంప్లిఫయర్ పెట్టెలోంచే వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ వణుకు. దానికి కేబుళ్లు మార్చి లాభం లేదు. తర్వాత యాంప్లిఫయర్ ఆపేసి ఒక్కొక్క ఇన్‌పుట్ కేబులూ పీకుతూ, మళ్లీ ఆన్ చేసి వినండి. ఆన్‌లో ఉండగా పీకితే వచ్చే దెబ్బకి స్పీకర్లు పోవచ్చు.

చాలా ఇళ్లలో టీవీ సెట్‌టాప్ బాక్సు కేబుల్ తీయగానే నిశ్శబ్దం వచ్చేస్తుంది. ఎందుకంటే, యాంప్లిఫయర్‌కి మూడో పిన్ను ద్వారా మన ఇంటి ఎర్త్ ఉంది. వీధి స్తంభాల మీదుగా వచ్చిన కేబుల్ టీవీ వైరు పైతొడుగుకి ఇంకెక్కడో ఎర్త్ తగిలి ఉంటుంది. రెండు ఎర్తులూ ఒకే వోల్టేజి దగ్గర ఉండవు. ఆ కొద్ది తేడాకే ఆడియో కేబుల్ పైతొడుగులో కరెంటు పారుతుంది. మనం మామూలుగా వాడే ఎరుపు-తెలుపు ప్లగ్గుల ఆర్‌సీఏ కేబుల్లో ఆ పైతొడుగే సిగ్నల్‌కి తిరుగుదారి కూడా. కాబట్టి అక్కడ కలిసిన మిల్లీవోల్టులను యాంప్లిఫయర్ పాటలో భాగమే అనుకుని పెంచి మోగిస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. వేలు పోసి గోడ దగ్గర ఫిల్టర్ పెట్టినా ఈ దారి అలాగే తెరిచి ఉంటుంది.

విరుగుడు చవకే. టీవీ నుంచి యాంప్లిఫయర్‌కి ఆప్టికల్ కేబుల్ వేస్తే సిగ్నల్ వెలుతురుగా వెళ్తుంది, లోహపు బంధమే ఉండదు. ఆప్టికల్ లేకపోతే, తీగ కలవకుండానే సిగ్నల్‌ని దాటించే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు. కేబుల్ టీవీ వైరుకైతే దాని మీదే చిన్న ఐసొలేటర్ బిగించొచ్చు. డిష్ ఉన్నవాళ్లు మాత్రం ఆ పని చేయకండి. డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీకి కరెంటు వెళ్లేది ఆ వైరులోంచే, ఐసొలేటర్ దాన్ని ఆపేస్తుంది. ఇక సిస్టమ్‌లోని పెట్టెలన్నిటికీ ఒకే గోడ సాకెట్ నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు ద్వారా కరెంటు ఇవ్వండి. సగం హమ్‌లు ఇక్కడే పోతాయి.

ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నిజమే, పోతుంది. లోపల ఫేజ్ వైరు ఊడి పెట్టెకి తగిలిన రోజున షాక్ మాత్రం మనిషికి కొడుతుంది. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. పాత ఇళ్లలో దీనికి తలకిందుల జబ్బు ఉంటుంది. మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. లేదా ఎలక్ట్రీషియన్ సాకెట్లోనే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేసి ఉంటాడు. న్యూట్రల్ తెగితే మీ యాంప్లిఫయర్ పెట్టె మొత్తం కరెంటు అవుతుంది. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూపించుకోండి. లోడ్ ఉన్నప్పుడు, అంటే ఆ లైన్లో పరికరాలు నడుస్తున్నప్పుడు, ఒకటి రెండు వోల్టులుంటే పర్లేదు, చాలా ఎక్కువ ఉంటే ఎర్తింగ్ బాగు చేయించాలి. లోడ్ ఉన్నా కచ్చితంగా సున్నా చూపిస్తే కూడా సాకెట్ విప్పి చూడమనండి.

రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. సీడీ ప్లేయర్ సుమారు 2 వోల్టులిస్తుంది, రికార్డు మీద నడిచే సూది ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది దాదాపు 5 మిల్లీవోల్టులు. అంటే నాలుగు వందల్లో ఒక వంతే. పైగా రికార్డుల కోసం వాడే ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ (తక్కువ స్వరాలను పెంచి, ఎక్కువ స్వరాలను తగ్గించే సర్దుబాటు), 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ని దాదాపు 17 డెసిబెల్స్ పెంచుతుంది. అంటే మన శత్రువునే ఏరి మరీ ఏడు రెట్లు పెద్దది చేస్తుంది. అందుకే టర్న్‌టేబుల్ వెనక నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ వైరును రికార్డ్ సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజ్ మీది స్క్రూకి గట్టిగా బిగించాలి. టర్న్‌టేబుల్‌ని యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా జరపాలి. ఆ ఒక్క అడుగు దూరం ఎంత ఖరీదైన కేబుల్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇవన్నీ అయ్యాకే నిజంగా కరెంటు లైన్లో వచ్చే గోల గురించి మాట్లాడాలి. మన ఇళ్లలో నేను ముందు అనుమానించేది ఫ్యాన్ రెగ్యులేటర్ని. నాబ్ మెల్లగా తిప్పితే వేగం కొంచెం కొంచెంగా మారే రకం, ప్రతి అలనీ మధ్యలో కోసి ఇస్తుంది. ఆ కోతే స్పీకర్లో జర్రుమని వినిపిస్తుంది. కెపాసిటర్లతో మెట్లు మెట్లుగా మారే రకం పెట్టించుకుంటే సరి. లైట్ డిమ్మర్లూ ఇలాగే అలని కోస్తాయి. కరెంటు పోయినప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటే, మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమై ఉంటుంది. చవక ఎల్‌ఈడీ బల్బులూ, ఫోన్ ఛార్జర్లూ ఒక్కొక్కటే తీసి చూడండి. ల్యాప్‌టాప్‌తో పాటలు వినేవాళ్లు ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వింటే తేడా తెలిసిపోతుంది.

కండిషనర్లు దండగ అనను. సర్జ్ (వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకడం) వచ్చినప్పుడు కాపాడతాయి, హై ఫ్రీక్వెన్సీ చెత్తని తగ్గిస్తాయి. గ్రౌండ్ లూప్‌ని మాత్రం తెంచలేవు. ఖరీదైన పవర్ కేబుళ్ల మీద నాకు నమ్మకం లేదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ గోడ దాకా మామూలు తీగలో వచ్చిన కరెంటు, చివరి మీటరులో ఏం బాగుపడుతుంది? ఆ డబ్బుతో డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి హాల్లోకి విడిగా ఒక లైను, దాంతో పాటు మంచి ఎర్త్ వైరు లాగించుకోండి. ఇల్లు కట్టేటప్పుడో రంగులు వేయించేటప్పుడో అయితే ఖర్చు ఇంకా తక్కువ.

ఈ బల్ల మీద యాంప్లిఫయరూ, సెట్‌టాప్ బాక్సూ కావాలనే రెండు వేరే సాకెట్లకి పెట్టాం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి రండి, ఆన్ చేస్తున్నాను. ప్రశ్నలు ఆ తర్వాత.