‘ది లాస్ట్ డైవ్’, ‘షాడో డైవర్స్’: ఒకే జలాంతర్గామి, రెండు పుస్తకాలు

నమస్తే అండీ. ఈసారి రెండు పుస్తకాలు పట్టుకొచ్చాను. రెండూ సముద్రంలో మునిగిన ఓడల్లోకి దిగే డైవర్ల గురించే. ఒకటి బెర్నీ చౌధురీ రాసిన ‘ది లాస్ట్ డైవ్’, 2000లో వచ్చింది. ఈయన స్వయంగా డైవర్. రెండోది రాబర్ట్ కర్సన్ రాసిన ‘షాడో డైవర్స్’, 2004లో వచ్చింది. ఈయన జర్నలిస్టు, డైవర్లను కూర్చోబెట్టి చెప్పించుకుని రాశాడు. రెండింట్లోనూ అదే జలాంతర్గామి, అదే పడవ, అవే చావులు. అందుకే కలిపి మాట్లాడుతున్నా. స్పాయిలర్ల గురించి టెన్షన్ పడకండి, ‘ది లాస్ట్ డైవ్’లో ఎవరు పోతారో అట్ట మీదే రాసి ఉంది.

ముందు కథ. 1991లో ‘సీకర్’ అనే పడవలో కొందరు డైవర్లు న్యూజెర్సీ తీరం నుంచి దాదాపు 60 మైళ్లు లోపలికి వెళ్తారు. అక్కడ 70 మీటర్ల లోతున రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామి పడి ఉంటుంది. లోపల నావికుల ఎముకలు. చిక్కేమిటంటే, ఆ చోట జలాంతర్గామి మునిగినట్టు రికార్డుల్లో ఎక్కడా లేదు. జాన్ చాటర్టన్ అనే డైవర్‌కి లోపల ఒక కత్తి దొరుకుతుంది. చెక్క పిడి మీద ‘హోరెన్‌బర్గ్’ అని చెక్కి ఉంటుంది. ఇంకేం, దొరికిపోయింది అనుకుంటాం కదా? ఆ పేరున్న మనిషి పనిచేసింది యూ-869 అనే జర్మన్ జలాంతర్గామిలో. రికార్డుల ప్రకారం యూ-869 మునిగింది జిబ్రాల్టర్ దగ్గర, అట్లాంటిక్‌కి అవతలి ఒడ్డున! 1997లో విడిభాగాల పెట్టె మీది ట్యాగ్ చేతికొచ్చేదాకా ఇది యూ-869 అని తేలలేదు. ఈలోగా ముగ్గురు డైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

నన్ను పట్టేసింది మాత్రం ఈ మిస్టరీ కాదండీ, పైకి రావడం గురించి రాసిన పేజీలు. ఆ లోతులో ఒంటి మీద ఒత్తిడి పైనున్న దానికి ఎనిమిది రెట్లు. పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలోకి, కండల్లోకి ఇంకిపోతుంది. బుర్ర తాగినవాడి బుర్రలా మందగిస్తుంది. అడుగున పాతిక నిమిషాలు ఉన్నారంటే, పైకి రావడానికి గంట పైనే పడుతుంది. లంగరు తాడు పట్టుకుని చలినీళ్లలో ఒక్కో లోతు దగ్గరా ఆగాలి. ఆగకుండా వచ్చేస్తే ఆ నైట్రోజన్ ఒంట్లోనే బుడగలు కడుతుంది. దాన్నే బెండ్స్ అంటారు. కాళ్లు పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చౌధురీకి స్వయంగా బెండ్స్ వచ్చాయి. ఆ నొప్పి గురించి ఆయన రాసింది చదువుతుంటే నా మోకాళ్లు నేనే తడిమి చూసుకున్నాను.

ఇక ప్రాణాలు పోగొట్టుకున్న ముగ్గురిలో ఇద్దరైన రౌజ్‌ల దగ్గరికి వద్దాం. క్రిస్ రౌజ్, కొడుకు క్రిసీ. తండ్రికి 39, కొడుక్కి 22. పడవ ఎక్కింది మొదలు ఇద్దరూ తిట్టుకుంటూనే ఉంటారు, నీళ్లలోకి దిగాక ఒకరినొకరు వదలరు. 1992 అక్టోబర్‌లో ఆ జలాంతర్గామిలోకి దిగారు. ఆ లోతుకి గాలికి బదులు హీలియం కలిపిన ట్రైమిక్స్ అనే గ్యాస్ వాడితే తల తేటగా ఉంటుంది, కానీ అది ఖరీదు. అప్పటికి ఇంట్లో డబ్బు కటకట. మామూలు గాలి సిలిండర్లతోనే దిగారు. లోపల సామాను మీద పడి కొడుకు ఇరుక్కుపోయాడు. తండ్రి ఎలాగోలా విడిపించాడు. కానీ బయటపడే వేళకి దారి తప్పారు, పైకి వచ్చేటప్పుడు ఆగడానికి విడిగా పెట్టుకున్న సిలిండర్లు కనబడలేదు. ఇద్దరూ ఎక్కడా ఆగకుండా నేరుగా పైకి వచ్చేశారు. తండ్రి డెక్ మీదే కుప్పకూలాడు, కొడుకు ఆస్పత్రిలో పోయాడు. కర్సన్ కూడా ఇది బాగానే రాశాడు, కానీ ఆ గ్యాస్ ఖర్చు సంగతి నాకు గుచ్చుకుంది చౌధురీ పుస్తకంలోనే. ఆయన రౌజ్‌ల స్నేహితుడు కదా, ఇంటి సంగతులు తెలిసి రాశాడు.

వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా చూసినవాళ్లకి ఈ ఘట్టం ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ గుండ్రటి తలుపుల్లోంచి మనం తల వంచి, ఒక కాలు ముందు పెట్టి దూరతాం చూడండి, అదీ లైట్లు వేసి ఉండగా. అలాంటి చోట వీపున రెండు సిలిండర్లతో, బురద లేచి చెయ్యి చాపితే చెయ్యి కనబడని చీకట్లో ఊహించుకోండి. పైగా కుర్సురా యూ-869 కంటే పెద్దది.

బాగోలేనివీ చెప్పాలి కదా. చౌధురీకి ఏదీ వదిలిపెట్టడం చేతకాదు. డైవింగ్ చరిత్ర, గుహల డైవింగ్, పరికరాలు, ఎవరు ఎవరితో గొడవపడ్డారు, అన్నీ రాసేశాడు. నడుమ పుస్తకం చతికిలబడుతుంది. కర్సన్ది ఇంకో గొడవ. సినిమాలా పరిగెత్తిస్తాడు, చేతిలోంచి దించబుద్ధి కాదు, కానీ చాటర్టన్, అతని తోటి డైవర్ రిచీ కోలర్ ఇద్దరూ చివరికొచ్చేసరికి మరీ హీరోలైపోతారు. కోలర్ మొదట్లో ఓడల్లోంచి ప్లేట్లూ కప్పులూ ఏరుకొచ్చే బ్యాచ్ మనిషి. అతను చనిపోయిన నావికుల కుటుంబాలను వెతుక్కుంటూ జర్మనీ వెళ్లేదాకా మారడం మాత్రం నమ్మేలా ఉంది. ఇంకోటి, జలాంతర్గామి తన టార్పెడోకి తనే బలైందని ఈ పుస్తకం మొగ్గు చూపుతుంది. 2005లో అమెరికన్ కోస్ట్‌గార్డ్ మాత్రం, 1945 ఫిబ్రవరిలో హోవర్డ్ డి. క్రో, కోయినర్ అనే రెండు యుద్ధనౌకలే దాన్ని ముంచాయని తేల్చింది. ఆ అధ్యాయం చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఏది ముందు చదవాలంటారా? ‘షాడో డైవర్స్’ ముందు. అందులో రౌజ్‌లు కాసేపే కనబడి పోతారు. తర్వాత ‘ది లాస్ట్ డైవ్’ తెరిస్తే ఆ తండ్రీకొడుకులు మొదటి నుంచి పోట్లాడుకుంటూ, నవ్వుతూ, పూర్తి మనుషులుగా ఎదురవుతారు. పరికరాల చాప్టర్లు బోర్ కొడితే దాటేయండి, కథేమీ పోదు. ఇంట్లో ఎవరైనా స్కూబా నేర్చుకుంటానని గోల పెడుతుంటే వాళ్లకీ ఇదే ఇవ్వండి. మానేస్తారని కాదు, పైకి వచ్చేటప్పుడు మాత్రం తొందరపడరు.